కూయని మూటలు

కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ఆ గదిలో చీమలు ఎక్కువనుకుంటారు. వారానికి నాలుగైదుసార్లు ఏదో ఒక బల్ల దగ్గర నుంచి "అబ్బా, చీమ కుట్టింది" అన్న మాట వినబడుతుంది. అన్న మనిషి గబగబా గ్లౌజు లాగేసి, మూలనున్న కొళాయి కింద వేలు పెట్టి నొక్కి నొక్కి కడుక్కుని, ఇంకో గ్లౌజు తొడుక్కుని వచ్చి మళ్ళీ పనిలో నిలబడుతుంది. ఎవరూ తలెత్తి చూడరు. నిజానికి బ్లీచింగు వాసనకీ, బాయిలరు వేడికీ చీమ కాదు గదా, చీమ ముత్తాత కూడా ఆ గదిలో అడుగు పెట్టదు.

అది పెద్ద ఆసుపత్రికి అడుగున ఉన్న లాండ్రీ. పై అంతస్తుల నుంచి దుప్పట్లు, గౌన్లు, ఆపరేషను గది గుడ్డలు మూటలు కట్టి గొట్టంలోంచి కిందికి వదులుతారు. ఆ మూటలు విప్పి, మురికిని బట్టి వేరుచేసి ఉతికే మిషన్లకు పంపడం ఆడవాళ్ళ పని. మూడు బల్లలు, బల్లకు ఆరుగురు. పైన హడావిడిలో ఎవరో ఒకరు ఇంజెక్షను సూదిని దుప్పట్లో మర్చిపోతారు. దాన్ని ముందే పట్టుకోవడానికి బల్లల ముందు ఒక మిషను పెట్టారు. బెల్టు మీద మూట దాని కిందుగా వెళుతుంది. లోపల లోహం ఏదైనా ఉందనిపిస్తే మిషను కూస్తుంది, బెల్టు ఆగుతుంది. అప్పుడా మూటను పక్కకు తీసి పట్టకారుతో విప్పాలి. కూయకపోతే మూట నేరుగా బల్ల మీదికి వస్తుంది, చేతులతో విప్పుతారు. దానికి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు కూత మిషను.

ప్రతి బల్ల మీదా ఒక పలక వేలాడుతుంది. ఆ బల్ల దగ్గర సూది గుచ్చుకోకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద సుద్దతో రాస్తారు. నూరు రోజులు నిండిన బల్లకు నెలంతా కోరుకున్న రోజు సెలవు. ఎవరికైనా గుచ్చుకుని, ఆ సంగతి పుస్తకంలో రాయించుకుంటే పలక సున్నాకి వచ్చేస్తుంది. అయిదుగురు ఆడవాళ్ళ సెలవులు తన వేలి మీద పోగొట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే చీమలు.

రెండో బల్ల చివర నిలబడే పిల్లకు పంతొమ్మిదేళ్ళు. అందరూ గువ్వ అంటారు. ఉదయం వచ్చినప్పుడు ఒక మాట, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒక మాట, అంతే ఆమె రోజు మొత్తానికి. "ఈ పిల్ల నోట్లో నాలుక దేవుడు పెట్టడం మర్చిపోయాడే" అని కళ్ళజోడు పెద్దమ్మ వేళాకోళం చేస్తే గువ్వ తల వంచుకుని నవ్వేది. దాంతో ఈ పిల్లకు కోపమే రాదని అందరూ తేల్చేసుకున్నారు. బయటికి కనబడనిది లోపల లేదనుకోవడం మనుషులకు అలవాటు.

ఆ బల్లకు పెద్ద గువ్వ అక్క. పది రోజుల కిందట, మంగళవారం నాడు, కూత మిషను కూయకుండా వదిలిన మూటలో అక్క చెయ్యి పెట్టింది. సూది చూపుడు వేలి పక్క నుంచి దిగి గోరు కింద ఆగింది. సగం విరిగిన సూది. లోపల ఎవరిదో నెత్తురు ఎండిపోయి ఉంది. అది చీమ అని చెప్పుకోవడానికి కుదిరేది కాదు. అక్క నేల మీద కూర్చుండిపోయింది.

పైన డాక్టరమ్మ చూసి ఆ రోజే రక్తం తీయించింది. నాలుగు వారాలు మింగాల్సిన మాత్రలిచ్చింది. "ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి మళ్ళీ రక్తం చూడాలి. అంతదాకా బాబుకి మీ పాలు ఇవ్వకండి" అని చెప్పింది. బాబుకి ఎనిమిదో నెల. డబ్బా పాలు నోట్లో పెడితే ఊసేసి, తల్లి పైట పట్టుకుని లాగేవాడు. అక్క గోడవైపు తిరిగి కూర్చునేది. పాలు గడ్డకట్టి రాయిలా అయిపోతే స్నానాల గదిలోకి వెళ్ళి పిండి పారబోసేది. నీళ్ళ చప్పుడులో ఏడుపు వినబడదనుకునేది. పక్క గదిలో బాబుని భుజాన వేసుకుని తిరిగే గువ్వకు అంతా వినబడేది.

గురువారం సూపర్‌వైజరు రెండు కాగితాలు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. పొట్టిగా, చెమటలు కక్కుతూ ఉండే మనిషి.

"ఏమ్మా, నీ రక్తం రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు. శుభ్రంగా ఉన్నావు. ఇంకెందుకు ఆ మొహం? వెళ్ళి పిల్లాడికి పాలివ్వు" అన్నాడు మొదటి కాగితం ఊపుతూ.

అక్క కళ్ళు ఒక్కసారి వెలిగాయి. గువ్వ ఆ వెలుగు చూసింది. చూసి భయపడింది.

"అది ఆ మంగళవారం తీసిన రక్తం కదా సార్" అంది మెల్లగా. "గుచ్చుకున్న రోజుది. అంతకుముందు ఏమీ లేదని చెబుతుంది. ఇప్పుడు లోపల ఏముందో ఆ కాగితానికి ఎలా తెలుస్తుంది?"

సూపర్‌వైజరు ఆమెను వింతగా చూశాడు. కుర్చీ మాట్లాడినా అంత ఆశ్చర్యపోయేవాడు కాదేమో. "డాక్టరువా నువ్వు?" అని రెండో కాగితం అక్క ముందు పెట్టాడు. "సోమవారానికి సంతకం పెట్టివ్వు. మిషనులో లోపం లేదని పరీక్షలో తేలింది. నీ అజాగ్రత్త వల్ల గుచ్చుకుందని రాసుంది. అంతే."

అంతే కాదు. అజాగ్రత్త అని సంతకం పెడితే అక్కకు మాత్రలూ రక్త పరీక్షలూ ఆసుపత్రి ఇవ్వక్కర్లేదు. పని నుంచి తీసేసినా అడిగే హక్కుండదు. మిషను మాత్రం ఇప్పుడున్నట్టే ఉంటుంది. పెట్టకపోతే ఏం జరుగుతుందో అతను చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

మిషను పక్కన ఒక మర ఉంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలతో. ముందు అది ఏడు మీద ఉండేది. గౌను బొత్తానికీ, పిన్నీసుకీ, మాత్రల రేకుకీ కూడా కూసేది. కూసినప్పుడల్లా బెల్టు ఆగేది, పైకి దుప్పట్లు ఆలస్యంగా వెళ్ళేవి, ఆపరేషను గది నుంచి సూపర్‌వైజరుకు ఫోన్ల మీద ఫోన్లు. నెలన్నర కిందట ఒక ఉదయం అతను దాన్ని మూడుకి తిప్పేశాడు. "ఊరికే కూసి చంపుతోంది ఇది" అన్నాడు. ఆ రోజు నుంచి గది ఎంత ప్రశాంతంగా మారిందంటే, ఆడవాళ్ళు కూడా హాయిగా ఉందన్నారు.

"మొరుగుతోందని కుక్క మూతి కట్టేసి, మా ఇంట్లో దొంగలే పడటం లేదని సంబరపడ్డాడట ఒకడు" అని కళ్ళజోడు పెద్దమ్మ అన్నది ఆ రోజే. అందరూ నవ్వారు. గువ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తోంది.

ఎందుకంటే మూడు వారాల కిందట గువ్వకూ చీమ కుట్టింది. ఎడమ చేతి ఉంగరపు వేలికి, చిన్నగా. పలక మీద తొంభైఒకటి ఉంది. కొళాయి దగ్గరికి వెళ్ళి కడుక్కుని వచ్చేసింది. అక్కకు కూడా చెప్పలేదు. ఆ రోజు నోరు తెరిచి పుస్తకంలో రాయించుంటే, మూడు మీద మిషను సూదుల్ని వదిలేస్తోందని అప్పుడే బయటపడేదేమో. అక్క వేలికి ఆ సూది దిగేది కాదేమో.

ఇంటి దగ్గర బావ రెండు ముక్కల్లో తేల్చేశాడు. "పెట్టెయ్యవే సంతకం. ఏనుగుతో కుస్తీ మనకెందుకు?"

"ఏనుగు కాదు బావా, మిషను" అంది గువ్వ.

"అబ్బో, మరదలికి మాటలొచ్చాయే!"

గువ్వ లేచింది. అక్క చేతిలో కాగితం తీసుకుని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదివింది. ఎవరు పరీక్ష చేశారో వాళ్ళ సంతకం ఉంది. ఆ మనిషి పై అంతస్తులో కూర్చునే లెక్కల మేడం. ఆసుపత్రిలో ఎన్ని మంచాలు నిండాయి, ఎన్ని రోజుల్లో ఖాళీ అయ్యాయి అన్న లెక్కలు చూసే పాతికేళ్ళ అమ్మాయి.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం మానేసి గువ్వ నాలుగంతస్తులు ఎక్కింది. తలుపు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు గుర్తొచ్చింది. లోపలికి వెళ్ళింది.

"మేడం, ఈ కాగితం మీరే రాశారా?"

ఆ అమ్మాయి చూసి తలూపింది. "అవును, మిషను పరీక్ష. కూర్చో."

గువ్వ కూర్చోలేదు. "ఎలా చేశారు?"

"యాభై మూటలు పంపించాం. ఒక్కసారి కూడా తప్పుగా కూయలేదు."

"ఆ యాభైలో సూదులు ఎన్నింట్లో పెట్టారు?"

ఆ అమ్మాయి కాగితం మళ్ళీ చూసుకుంది. "పెట్టలేదు. ఇస్త్రీ అయిన గుడ్డల మూటలే. ఊరికే కూస్తోందా లేదా అన్నదొక్కటే చూడమన్నారు."

గువ్వకు ఒళ్ళంతా మంటెత్తిపోయింది. "సూది లేని మూటలు పంపి, కూయలేదు కాబట్టి మంచి మిషను అంటారా? ఆ లెక్కన మా ఇంట్లో రుబ్బురోలు కూడా మంచి మిషనే మేడం. యాభై మూటలు దాని ముందు నుంచి పంపండి, ఒక్కసారి కూస్తే నన్నడగండి!"

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. కోప్పడుతుందనుకుంది గువ్వ. కానీ ఆమె లేచి వెళ్ళి తలుపు మూసింది.

"నువ్వన్నది నిజమే" అంది. "తప్పులు రెండు రకాలు. సూది లేకపోయినా కూయడం మొదటి తప్పు. సూది ఉన్నా కూయకపోవడం రెండో తప్పు. నన్ను అడిగింది మొదటిదాని గురించి. రెండోదాని గురించి ఈ కాగితంలో ఒక్క ముక్క లేదు. మరను తగ్గించినకొద్దీ మొదటి తప్పు తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఉన్నదాన్ని పట్టుకునే శక్తి ఎంతుందో తెలియాలంటే సూదులు పెట్టి చూడాలి."

"మరి ఇక్కడ, మర తగ్గించాక గుచ్చుకోవడాలు పెరిగాయనడానికి ఆధారం లేదు అని కూడా రాశారే?"

"పుస్తకంలో ముందు నెల రెండు, తర్వాత నెల నాలుగు ఉన్నాయి. రెండు నాలుగవడం ఊరికే కూడా జరగొచ్చు. అందుకే..."

"ఒకవేళ నిజంగానే రెట్టింపు అయ్యుంటే? మీ లెక్క పట్టుకుంటుందా?"

ఆ అమ్మాయి పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. "ఇంత తక్కువ అంకెలతో పట్టుకోలేదు. నిజంగా రెట్టింపయినా పదిసార్లు చూస్తే ఒక్కసారి దొరుకుతుందేమో."

"అంటే మీ లెక్క కూడా మూడు మీద పెట్టిన మిషనే."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని గువ్వకే అనుమానం వచ్చింది. ఎదుటి మనిషి తల దించుకుంది.

"నేను 'ఆధారం దొరకలేదు' అని రాశాను. 'ప్రమాదం లేదు' అని రాయలేదు" అంది సన్నగా.

"మీరు రాసింది అదే మేడం. మా సూపర్‌వైజరు చదివింది ప్రమాదం లేదని. మధ్యలో మా అక్క వేలు పడింది. సోమవారం మీ సంతకం పక్కన మా అక్క సంతకం పెట్టాలట. మీకు ఎనిమిది నెలల పిల్లాడు ఉంటే పాలిచ్చేవారా, ఆధారం దొరకలేదని?"

గది బయట ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్ళారు. ఆ చక్రాల చప్పుడు దూరమైంది. తర్వాత ఆ అమ్మాయి అడిగింది, "సోమవారం ఎన్ని గంటలకు?"

*

సోమవారం ఉదయం పని మొదలయ్యే ముందు లెక్కల మేడం ఇస్త్రీ గదిలో తలుపు వేసుకుని నలభై మూటలు కట్టింది. స్టోరులో తేదీ దాటిపోయిన కొత్త సూదుల పెట్టె ఉంటే కళ్ళజోడు పెద్దమ్మ అడిగి తెచ్చిచ్చింది. ఇరవై మూటల్లో ఒక్కో సూది, ఇరవైలో ఏమీ లేదు. ఏ మూటలో ఉందో మేడానికి తప్ప ఎవరికీ తెలియదు. మూటలన్నీ కలగలిపి, పైన సుద్దతో అంకెలు వేసి, సూదులున్న అంకెలు ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించింది. ఆ కవరు పెద్దమ్మ బొడ్లో దోపుకుంది.

"ఇక్కడి నుంచి తీయాలంటే యముడు కూడా నన్ను అడగాల్సిందే" అంది.

సూపర్‌వైజరు వచ్చేసరికి అక్క తప్ప పదిహేడు మంది ఆడవాళ్ళూ బెల్టుకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. అక్క బల్ల దగ్గర కూర్చునుంది. ఆమె ముందు సంతకం కాగితం, దాని మీద పెన్ను.

"ఏంటీ తిరనాళ్ళు? బెల్టు ఎందుకు నడవడం లేదు?"

"నడుపుతాం సార్. పరీక్ష పూర్తి చేద్దామని" అంది లెక్కల మేడం. "నేను సగమే చేశాను."

"సగమేంటి? రిపోర్టు ఇచ్చేశారుగా!"

"పావుగంట పట్టదు."

అతను గోడ గడియారం చూసుకున్నాడు. పద్దెనిమిది మంది ముందు కాదంటే బాగుండదనుకున్నాడో ఏమో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కానివ్వండి. మర ముట్టుకోవద్దు. మూడు మీదే ఉండాలి."

"మూడు మీదే" అంది గువ్వ.

మూటలు ఒక్కొక్కటే వెళ్ళాయి. మొదటిది కూయలేదు. రెండోది కూయలేదు. అయిదోదానికి కూసింది, మేడం అంకె రాసుకుంది. మళ్ళీ వరసగా ఆరు మూటలు నిశ్శబ్దంగా జారిపోయాయి. నలభై పూర్తయ్యేసరికి ఏడుసార్లు కూసింది. కూసిన ఏడింటినీ పెద్దమ్మ పట్టకారుతో విప్పింది. ఏడింట్లోనూ సూదులున్నాయి.

సూపర్‌వైజరు మొహం విప్పారింది. "చూశారా? ఏడుసార్లు కూసింది, ఏడుసార్లూ నిజం! ఒక్క తప్పుడు కూత లేదు. ఇంతకన్నా ఏం కావాలి మీకు?" అని అక్కవైపు తిరిగాడు. "పెట్టమ్మా సంతకం."

అక్క పెన్ను అందుకుంది.

"ఆగక్కా" అంది గువ్వ.

ఆ గొంతు గది చివర బాయిలరు దాకా వినబడింది. గువ్వ బెల్టు దాటి వచ్చి, మిషను వదిలేసిన మూటల గుట్ట పక్కన నిలబడింది.

"సార్, ఇవి ముప్పైమూడు మూటలు. మిషను వీటికి కూయలేదు. కూయకపోతే సూది లేనట్టేనని మీరు రాశారు. కవరు ఇంకా విప్పలేదు. వీటిల్లో మీకు నచ్చిన మూట ఒకటి ఎంచుకోండి. చెయ్యి పెట్టి విప్పండి. మేం విప్పినట్టే, గబగబా, నిమిషానికి రెండు మూటల చొప్పున."

సూపర్‌వైజరు ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"ఏంటే, నోరు లేస్తోంది?"

"నోరు కాదు సార్, చెయ్యి లేవాలి. ఇవి కొత్త సూదులే, ఎవరి నెత్తురూ లేదు వీటికి. మాకొచ్చే మూటలకన్నా నయం. పెట్టండి."

అతను మూటలవైపు చూశాడు. చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. పైనున్న మూట ముడి దాకా వెళ్ళింది. ముడిని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నుదుటి మీంచి చెమట చుక్క ఒకటి జారి ముక్కు మీద ఆగింది. వేళ్ళు ముడి మీదే ఉండిపోయాయి, లోపలికి వెళ్ళలేదు.

"ఏం బాబూ, చీమలున్నాయా?" అంది పెద్దమ్మ.

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇది పద్ధతి కాదు. నువ్వు పెడతావా చెయ్యి? పెట్టు చూద్దాం!"

"మేం రోజూ పెడుతూనే ఉన్నాం సార్!" అని అరిచింది గువ్వ. పుట్టిన దగ్గర్నుంచీ దాచుకున్న గొంతంతా ఒక్కసారే బయటికి వచ్చినట్టుంది. "పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా పెడుతున్నాం! మీకు బెల్టు ఆగితే ఫోనొస్తుంది. మాకు ఆగకపోతే సూదొస్తుంది. మీకు నొప్పి పెట్టే తప్పును కొలిచారు, మాకు నొప్పి పెట్టే తప్పును కొలవలేదు. పైగా అజాగ్రత్త అంటారా? మా అక్కదా అజాగ్రత్త?"

ఏడుపొస్తుందేమోనని పళ్ళు బిగబట్టింది. రాలేదు. కోపం అంతటినీ ఎండబెట్టేసింది.

పెద్దమ్మ బొడ్లోంచి కవరు తీసి మేడం చేతిలో పెట్టింది. మేడం చింపి అంకెలు చదువుతుంటే, ఇద్దరు ఆడవాళ్ళు ఆ మూటలు తీసి పట్టకారుతో విప్పారు. సూది బయటపడినప్పుడల్లా రేకు పళ్ళెంలో వేశారు. టంగుమన్న చప్పుడు. పదమూడుసార్లు. సూపర్‌వైజరు పట్టుకున్న ముడి గల మూట విప్పినవాటిలో తొమ్మిదోది. అందులోనూ ఉంది.

"ఇరవైలో పదమూడు వదిలేసింది" అంది మేడం. "ఇప్పుడు ఏడు మీద."

మూటలు మళ్ళీ కట్టి, మళ్ళీ కలిపి పంపారు. ఈసారి గది దద్దరిల్లింది. ఇరవై సూదుల్లో పంతొమ్మిదింటికి కూసింది. సూది లేని మూటల్లో అయిదింటికి కూడా కూసింది.

"అదుగో! అయిదుసార్లు ఊరికే!" అన్నాడు సూపర్‌వైజరు. కానీ ఆ మాటలో పస లేదు. "పైన ఆపరేషన్లు ఆగితే నా పీక మీద కూర్చుంటారు. మీకేం తెలుసు?"

"ఆగకుండా ఉండాలంటే బల్లకు ఇంకో మనిషిని పెట్టండి. లేదంటే మూటలు చిన్నవి కట్టమనండి, చిన్న మూటలో సూది బాగా దొరుకుతుంది" అంది మేడం. "ఇప్పుడు కూడా ఒకటి తప్పించుకుంది సార్. ఏడు మీద పెట్టినా గ్లౌజులు మందంగా ఉండాలి. ఇవన్నీ కొత్త రిపోర్టులో రాస్తాను. పాతదాని మీద నా సంతకం కొట్టేస్తాను."

అక్క కట్టు కట్టిన చూపుడు వేలు పక్కకు పెట్టి, మధ్య వేలుతో పెన్ను పట్టుకుంది. 'అజాగ్రత్త వల్ల' అన్న మాటల మీద అడ్డంగా గీత కొట్టింది. పైన వంకర అక్షరాలతో రాసింది: 'మిషను ఇరవైలో పదమూడు వదిలేసింది. నాది పద్నాలుగోది.' కింద సంతకం పెట్టి కాగితం అతని చేతికిచ్చింది.

"మీరడిగిన సంతకం సార్. పెట్టేశాను."

అతను కాగితం వైపు చూశాడు, చుట్టూ ఉన్న మొహాల వైపు చూశాడు. మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పైవాళ్ళకి చూపిస్తాను. నా చేతిలో ఏముంది" అని గొణుగుతూ మెట్ల వైపు నడిచాడు. మర ఏడు మీదే ఉంది. దాన్ని తిప్పమని అతనూ అనలేదు.

గువ్వ కోపం మాత్రం చల్లారలేదు. గోడకు తాడుతో కట్టి ఉన్న పుస్తకం తీసింది. పేజీ మీద నాలుగు వరసలు. అయిదో వరసలో మూడు వారాల కిందటి తేదీ వేసి, ఎడమ చెయ్యి, ఉంగరపు వేలు అని రాసింది.

అక్క పక్కకు వచ్చి చదివింది. "ఎప్పుడే ఇది?" అంది. "నాకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు పలక మీద తొంభైఒకటి ఉందక్కా."

అక్క చెయ్యెత్తింది, కొట్టడానికే. ఆ చెయ్యి గువ్వ భుజం మీద పడి అక్కడే ఉండిపోయింది. తర్వాత "పద, పైకి. నీ రక్తం కూడా తీయించాలి ఈ రోజే" అంది. వెళ్ళి ఒక్క గుంజుతో పలకను మేకు నుంచి పీకి బల్ల కింద పడేసింది.

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ పుస్తకం దగ్గరికి వచ్చింది. "నాకు రాయడం రాదు. రాయవే పిల్లా. మొన్న గురువారం ఒకటి. అంతకుముందు వారం రెండు. బొటనవేలు, అరచెయ్యి, మళ్ళీ బొటనవేలు." ఆమె వెనక మూడో బల్ల మనిషి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. ఒకళ్ళు నేలవైపు చూస్తూ చెప్పారు, ఒకళ్ళు పైనున్నవాళ్ళను తిడుతూ చెప్పారు. మర తిప్పక ముందు నెలవీ, తిప్పిన తర్వాతవీ గువ్వ వేరువేరు పేజీల్లో రాసింది. ముందు నెల పేజీలో రెండు కాస్తా అయిదయింది. తర్వాతి పేజీలో నాలుగు పంతొమ్మిదయింది.

లెక్కల మేడం ఆ రెండు అంకెల్నీ చాలాసేపు చూసింది. "జ్ఞాపకం మీద చెప్పినవి, అటూ ఇటూ ఉండొచ్చు. ఆ సంగతీ రాస్తాను" అంది. "కానీ ఇది ఊరికే జరిగింది అనడం కష్టం."

"ముందే రాయించుంటే..." అంది గువ్వ.

అక్కకు ఆరు వారాల పరీక్షకు ఇంకా నాలుగు వారాలు ఉంది. అంతదాకా ఇంట్లో డబ్బా పాలే. గువ్వకు కూడా ఒక చీటీ, తేదీలు రాసి ఇచ్చారు. అక్కాచెల్లెళ్ళు పై నుంచి దిగి వచ్చేసరికి బెల్టు నడుస్తోంది. గువ్వ తన చోట నిలబడి, గ్లౌజు మీద ఇంకో గ్లౌజు తొడుక్కుంది.

మూడో మూటకే మిషను గది అదిరేలా కూసింది. బెల్టు ఆగింది. మూల నుంచి ఫోను మోగడం మొదలైంది. పెద్దమ్మ మూట పక్కకు తీసి, పట్టకారుతో ఒక్కో మడతా విప్పి, దులిపి చూసింది. గౌనుకు ఇత్తడి బొత్తం, అంతే.

"ఊరికే కూసింది" అంది.

"కూయనీ" అంది గువ్వ.

ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.